పసిఫిక్ దీవులు, మహమ్మారులు: అపోహలు - వాస్తవాలు

ఏఎన్‌ఎంలకు, మెడికల్ స్టూడెంట్లకు అంటువ్యాధుల పాఠాలు చెప్పడం నా పని. పసిఫిక్ దీవుల మాట ఎత్తగానే "చుట్టూ సముద్రమే కద సార్, వాళ్ళకేం భయం?" అని ఎవరో ఒకరు అంటారు.

అపోహ: సముద్రమే వాళ్ళకు కోట.

వాస్తవం: కోట ఉంటే సరిపోదు, తలుపు వేసేవాడు కావాలి. 1918 నవంబరు 7న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి టాలూన్ అనే ఓడ పశ్చిమ సమోవాలోని ఆపియా రేవుకు వచ్చింది. లోపల అప్పటి మహమ్మారి ఫ్లూ జ్వరంతో ఉన్నవాళ్ళున్నా ప్రయాణికుల్ని దిగనిచ్చారు. సుమారు 8,500 మంది పోయారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు! పక్కనే అమెరికన్ సమోవా. అదే సముద్రం, అదే భాష, చుట్టరికాలూ ఉన్నాయి. అక్కడి గవర్నర్ జాన్ పోయర్ క్వారంటైన్ పెట్టి రాకపోకల్ని కట్టడి చేశాడు. ఫ్లూతో ఒక్కరూ చనిపోలేదు. అప్పట్లో పశ్చిమ సమోవాను ఏలింది న్యూజిలాండ్. ఆ దేశ ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో సమోవాకు (పశ్చిమ సమోవా ఇప్పటి పేరు ఇదే) క్షమాపణ చెప్పారు. ఆపియాకు ముందు ఆ ఓడ ఫిజీలోనూ ఆగింది. మద్రాసు నుంచి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళు అప్పటికి అక్కడ ఉన్నారు.

అపోహ: వాళ్ళ ఒంట్లోనే ఏదో లోపం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు చిరాకు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచాన పడితే గంజి కాచేదెవరు? 1918లో చాలామందికి ఆ దిక్కు కూడా లేకపోయింది. 2021లో ఆక్లాండ్‌లో కరోనా డెల్టా రకం మొదట్లో పసిఫిక్ దీవుల కుటుంబాలనే ఎక్కువగా పట్టుకుంది. ఇరుకిళ్ళు, ఒకే కప్పు కింద మూడు తరాలు, ఇంటి నుంచి చేయడానికి వీల్లేని ఉద్యోగాలు. షుగరు, ఊబకాయం ఎక్కువన్నదీ నిజమే. అందుకే మహమ్మారి ప్లాన్‌లో షుగరు క్లినిక్ కూడా ఉండాలంటాను.

అపోహ: టీకా ఉంటే చాలు.

వాస్తవం: ట్రైనింగ్‌లో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. తట్టు టీకా పొడిగా వస్తుంది, దాంతో వచ్చిన నీళ్ళే కలపాలి. 2018లో సమోవాలో ఆ నీళ్ళకు బదులు కండరాలను సడలించే మందు కలిపారు. ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. ప్రభుత్వం కొన్ని నెలలు ఆ టీకా ఆపేసింది, తల్లులకు నమ్మకం పోయింది. పసిపిల్లల్లో టీకా వేయించుకున్నవాళ్ళు 31 శాతానికి పడిపోయారు. మరుసటి ఏడాది తట్టు వచ్చి 83 మందిని తీసుకుపోయింది, ఎక్కువమంది ఐదేళ్ళ లోపు పిల్లలే. 2019 డిసెంబరులో రెండు రోజులు దేశమంతా మూసి, టీకా పడనివాళ్ళున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. నర్సులు ఆ గుడ్డలు చూసుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. టీకా పొడి, దాని నీళ్ళు ఉన్న రెండు సీసాల లేబుళ్ళు గట్టిగా చదివించకుండా నేను ఏ బ్యాచ్‌నూ పంపను.

అపోహ: కరోనా రాని దీవులకు నష్టమేమీ లేదు.

వాస్తవం: విమానాలు ఆగితే టూరిస్టుల మీద బతికే ఊళ్ళకు కూడు ఉండదు. కుక్ దీవుల్ని అడగండి. ఇక విపత్తులు ఒకదాని తర్వాత ఒకటి క్యూ కట్టి రావు. 2022 జనవరి 15న టోంగాలో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలింది, సునామీ వచ్చింది. అప్పటిదాకా ఆ దేశంలో తేలిన కరోనా కేసు ఒక్కటే. సాయం తెచ్చిన ఓడల సరుకును మనుషులు కలవకుండానే దింపుకున్నారు. అయినా ఫిబ్రవరి మొదట్లోనే రేవులో పనిచేసే ఇద్దరికి పాజిటివ్ వచ్చింది.