షుగర్ కన్ను: వాపు తగ్గితే రక్తనాళాలు బాగైనట్టేనా?

గుంటూరు కొత్తపేటలో రెటీనా (కంటి లోపలి వెనక తెర) ఓపీ చూస్తాను. నరసరావుపేట, సత్తెనపల్లి, తెనాలి నుంచి వచ్చేవాళ్ల నోట రోజూ వినే మాటలివి.

అపోహ: చూపు బాగానే ఉంది, కంటికేమీ కాలేదు.

వాస్తవం: షుగర్‌కి రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి బుడగల్లా ఉబ్బుతాయి, నీరూ కొవ్వూ లీకవుతాయి. రెటీనా మధ్యలో చూపుకి కీలకమైన మాక్యులా తడిసి వాచనంత కాలం పేపరు చదువుతారు, బండి నడుపుతారు. రక్తం అందని చోట రెటీనా నుంచి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా వెలువడి, పెళుసైన కొత్త నాళాలు పుడతాయి. అవి చిట్లిన రోజు కన్ను నిండా రక్తమే. ముందురోజు వరకూ చూపు 6/6, అంటే మామూలుగానే ఉండొచ్చు. అందుకే టైప్ 2 షుగర్ బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటా, చుక్కల మందుతో కంటిపాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి. కళ్లజోళ్ల షాపులో అక్షరాలు చదివితే ఈ పరీక్ష అయినట్టు కాదు.

అపోహ: కంట్లో సూది వేస్తే చూపు పోతుంది.

వాస్తవం: మాక్యులా వాపు తగ్గించే ఇంజెక్షన్ ఇది. మత్తు చుక్కలు వేసి, తెల్లగుడ్డు వైపు నుంచి క్షణాల్లో వేస్తాం. ఇన్ఫెక్షన్ అరుదు. నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: ఇంజెక్షన్‌తో వాపు తగ్గింది, ఇక అక్కర్లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయనకి, రెటీనా పొరల్ని కొలిచే ఓసీటీ స్కాన్‌లో మాక్యులా మందం 480 మైక్రాన్లు. నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లకి 300 దగ్గరికి దిగింది. "కాటా మీద అంకెలు కనపడుతున్నాయండీ" అని సంబరపడ్డారు. సీజన్ మొదలవగానే రావడం మానేశారు. ఐదు నెలలకి వచ్చేసరికి మళ్లీ వాపు. "మీ మందు పనిచెయ్యలేదండీ" అన్నారు.

మందు పనిచేసింది. నాళాల్ని లీకు చేసేది కూడా వీఈజీఎఫే, మందు దాన్ని కొన్ని వారాలు అడ్డుకుంటుంది, లీకు తగ్గుతుంది. పాడైన నాళం మాత్రం అలాగే ఉంటుంది. మొదటి ఏడాది ఏడెనిమిది ఇంజెక్షన్లు పడొచ్చు, తర్వాత సాధారణంగా తగ్గుతూ వస్తాయి. వాపు ఎక్కువకాలం నిలిస్తే చూపునిచ్చే కణాలు దెబ్బతింటాయి. అప్పుడు స్కాన్ బాగైనా చూపు పూర్తిగా రాదు.

ఆ పెద్దాయనకి మళ్లీ ఇంజెక్షన్ వేసినా, ఈసారి వాపు అనుకున్నంత తగ్గలేదు. మందు మార్చే ముందు ఆయన చీలమండ మీద వేలితో నొక్కి చూశాను, గుంట పడింది, అంటే ఒంట్లో నీరు చేరింది. బీపీ ఎక్కువ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగి ఉంది. కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాను. కిడ్నీలోనూ ఇలాంటి సన్నటి నాళాలే కదా! రక్తహీనత ఉందేమో, షుగర్ మాత్రల్లో పయోగ్లిటజోన్ ఉందేమో కూడా చూస్తాం, అది ఒంట్లో నీరు నిలిపే మందు. ఇవన్నీ సర్దుకున్నా వాపు తగ్గకపోతే మందు మారుస్తాం, కొందరికి కంట్లో స్టెరాయిడ్ పెడతాం.

అపోహ: లేజర్ పెడితే చూపు పెరుగుతుంది.

వాస్తవం: లేజర్ ఉన్న చూపుని కాపాడటానికి.

అపోహ: షుగర్ గబగబా దించేస్తే కన్ను వెంటనే బాగవుతుంది.

వాస్తవం: అదుపు తప్పనిసరి. 1993లో వచ్చిన డీసీసీటీ అనే పెద్ద షుగర్ అధ్యయనం ఫలితాల్లో, టైప్ 1 షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్లలో కొత్తగా రెటినోపతి (షుగర్‌తో రెటీనా దెబ్బతినడం) వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. కానీ అప్పటికే రెటినోపతి ఉన్న కొందరిలో మొదటి ఏడాది అది కాస్త ముదిరింది కూడా. ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు, గర్భం దాల్చాలనుకున్నప్పుడు రెటీనా చూపించుకోండి. వచ్చేటప్పుడు మందుల చీటీ, బీపీ, కిడ్నీ రిపోర్టులు వెంట తెండి.