రొయ్య పోవాలి, పాలపొడి రాకూడదు

ప్రకాశం జిల్లా సింగరాయకొండ, టంగుటూరు వైపు కొన్ని ఇళ్లలో రెండు లెక్కల పుస్తకాలుంటాయి. ఒకటి రొయ్యల చెరువుది, ఇంకోటి పాల కేంద్రం వాళ్లిచ్చేది. చెరువు పుస్తకం మగవాళ్ల జేబులో, పాల పుస్తకం ఆడవాళ్ల కొంగున. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని ముందు 25 శాతం చేసి, నెలాఖరుకల్లా 50 శాతానికి తీసుకెళ్లింది. రెండో పాతికకు వాళ్లు చెప్పిన కారణం రష్యా చమురు. అంతకు ముందు నుంచీ రెండు దేశాల వాణిజ్య ఒప్పందం కుదరకుండా అడ్డుపడ్డవాటిలో మాత్రం పాడి ఒకటి. ఆగస్టు 7న ఢిల్లీలో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ శతజయంతి సదస్సులో ప్రధాని మోదీ రైతులు, పాడి రైతులు, మత్స్యకారుల విషయంలో రాజీ లేదన్నారు. మా వైపు వినేవాళ్లకు టెన్షన్ అక్కడే. చెరువులో రొయ్య అమ్ముడుపోవాలంటే అమెరికా వాడు గేటు తీయాలి. దొడ్లో గేదె పాలకు రేటు ఉండాలంటే మన గేటు మూసే ఉండాలి.

మన గేటు మొదటి నుంచీ మూసి లేదు. ఒకప్పుడు తాళమే వేయడం మర్చిపోయారు.

ముందు ఒక సంగతి. చీమకుర్తి గ్రానైట్ దిమ్మె రేవులో నెల పడి ఉన్నా దానికేం కాదు. పొద్దున పితికిన పాలు చల్లబరచకపోతే మధ్యాహ్నానికే విరుగుతాయి. కాబట్టి దేశాల మధ్య ఎక్కువగా తిరిగేది పాలు కాదు, పాలపొడి, వెన్న, చీజ్. పొద్దున్నే పాల కేంద్రంలో జరిగేది చూస్తే ఈ పొడి గొడవ అర్థమవుతుంది. క్యాను దించగానే చిన్న గరిటెడు శాంపిల్ తీసి మిషన్‌లో పెడతారు. వెన్న ఎంత, వెన్న కాని ఘనపదార్థం ఎంత అని రెండు అంకెలు పడతాయి. ఒక పాయింటు తగ్గితే "నిన్న ఇదే గేదె, ఇదే దాణా కదయ్యా" అని గొడవ. మొదటి అంకెలోంచి డెయిరీ వెన్న, నెయ్యి తీస్తుంది, రెండోదాంట్లోంచి పొడి. చలికాలంలో గేదెలు ఈని పాలు మీద పడినప్పుడు మిగిలినవన్నీ పొడిగా కొట్టి, ఎండల్లో పాలు తగ్గినప్పుడు మళ్లీ నీళ్లలో కలుపుతారు. ఆ పొడి అమ్ముడుపోక గోడౌన్లో పేరుకుపోతే డెయిరీ డబ్బంతా అక్కడే ఇరుక్కుంటుంది. ఆ వారమే ఊళ్లో లీటరు రేటు తగ్గుతుంది.

ఈ పొడి మన దేశానికి ఒకప్పుడు దానంగా వచ్చింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల పథకానికి పెట్టుబడే అది. యూరప్ దేశాలు తమ దగ్గర మిగిలిన పొడిని, బటర్ ఆయిల్‌ని ఉచితంగా ఇస్తే, వాటిని పాలుగా కలిపి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో అమ్మి, ఆ డబ్బుతో ఊళ్లలో సంఘాలు, చిల్లింగ్ సెంటర్లు కట్టారు. ఊరికే వచ్చే పొడి స్థానిక రైతును ముంచుతుందని ఆ పథకం నడిపిన వర్గీస్ కురియన్‌కు తెలుసు. అందుకే దాన్ని ఇక్కడి పాల ధరకు తగ్గకుండా అమ్మించారు. నా లెక్కలో ఆ పథకం మొత్తంలో తెలివైన పని అదే.

ఆ రోజుల్లో పొడి దిగుమతి ప్రభుత్వ సంస్థ చేతుల మీదుగానే జరిగేది. కాబట్టి 1994లో ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో పాలపొడి మీద గరిష్ఠ సుంకం సున్నా అని మన దేశం రాసిచ్చినా పెద్దగా ఎవరికీ పట్టలేదు. గేటు దగ్గర మనిషి ఉన్నాడు కదా, తాళం ఎందుకు అన్నట్టు. 1999లో ఆ మనిషి కూడా వెళ్లిపోయే పరిస్థితి వచ్చింది. ఇంతకు మించి తేవద్దంటూ దిగుమతులపై పెట్టిన పరిమాణ ఆంక్షలు చెల్లవని ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా కేసు గెలిచింది. సబ్సిడీ మీద చవగ్గా దొరికే యూరప్ పొడి లోపలికి రావడం మొదలైంది. అప్పుడు మనవాళ్లు మళ్లీ బేరానికి కూర్చుని, వేరే సరుకుల్లో సుంకాలు తగ్గిస్తామని ఒప్పుకుని, 2000లో తాళం తెచ్చుకున్నారు. ఏడాదికి 10,000 టన్నుల దాకా 15 శాతం, ఆ పైన 60 శాతం. ఈ రోజు మా ఊరి పాల రేటుకు కాపలా ఆ 60 శాతమే.

అయితే గేటు మూసుకున్నంత మాత్రాన బయటి గాలి ఆగదు. 2014 ఆగస్టులో క్రిమియా గొడవ మీద రష్యా యూరప్ చీజ్, వెన్నలను నిషేధించింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఇంతకు మించి పాలు తీయొద్దనే తన కోటాలను యూరప్ ఎత్తేసింది. చీజ్‌కు పోవాల్సిన పాలు పొడిగా మారాయి. వాళ్ల ప్రభుత్వ గోడౌన్లలోనే మూడున్నర లక్షల టన్నులు దాటి పేరుకుంది. ప్రపంచ ధర పడింది. 2013-14లో లక్ష టన్నులకు పైగా పొడి ఎగుమతి చేసిన మన డెయిరీలకు బయట గిరాకీ పోయింది. 2018 నాటికి పొడి నిల్వలు మోయలేక ఎగుమతికి కేంద్రం ప్రోత్సాహకాలు ఇవ్వాల్సి వచ్చింది. మాస్కోలో ఒక సంతకానికి కొండపి దగ్గర గేదెకు ఏం సంబంధం అంటే, ఇదీ సంబంధం.

నెల్లూరు వాళ్లకు ఇలాంటి గేట్లు ఆఫ్రికాలో కూడా ఉన్నాయి. 1990ల్లో నెల్లూరులో మొదలైన దొడ్ల డెయిరీ 2014 నుంచి ఉగాండాలో పాలు కొని, అక్కడా పక్కనున్న కెన్యాలోనూ అమ్ముతోంది. 2023 మార్చిలో కెన్యా తన రైతుల రేటు పడిపోతుందని పాలపొడి దిగుమతులు ఆపింది. మనం మాట్లాడే మాటే, అచ్చంగా.

2019 నవంబరులో ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం నుంచి మన దేశం బయటికొచ్చిందంటే ముఖ్య కారణాల్లో ఒకటి న్యూజిలాండ్. 50 లక్షల జనాభా, తీసిన పాలల్లో దాదాపు 95 శాతం ఎగుమతే. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకం చేసిన ఒప్పందంలోనూ పాడిని పక్కన పెట్టారు. అమెరికాతో ఇంకో ముడి ఉంది. పశువుల రక్తం, మాంసం కలిసిన దాణా తినని పశువు పాలే అని సర్టిఫికెట్ ఇమ్మంటాం. వాళ్లు ఇది సాకు అంటారు. కొంత సాకే. కానీ బ్రిటన్‌లో పిచ్చి ఆవు రోగం అలాంటి దాణాతోనే పాకిందన్నది మర్చిపోయే విషయమా? అభిషేకానికి పోసే పాల మీద జనానికి ఉన్న పట్టింపు కూడా సాకు కాదు.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ 60 శాతం గోడ వెనకే, విదేశీ పొడి వచ్చి ముంచెత్తకుండానే, ఇక్కడ డెయిరీలు అప్పుల పాలయ్యాయి, రైతుల బిల్లులు ఆగాయి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ పథకం జగనన్న పాల వెల్లువ కింద అమూల్ మొదట దిగిన మూడు జిల్లాల్లో ప్రకాశం ఒకటి. గుజరాత్ నుంచి ఇంత దూరం రావడానికి ఏ గేటూ అడ్డం లేదు.

మా పిన్ని దగ్గర ఒక పాత పాల పుస్తకం ఉంది. ఏ డెయిరీదో ఇక్కడ అనవసరం. చివరి రెండు పేజీల్లో పూటపూటకీ లీటర్లు రాసి ఉన్నాయి, వెన్న పాయింట్లు రాసి ఉన్నాయి. డబ్బు ముట్టినట్టు సంతకం పెట్టే గడి ఖాళీ. పారేయమంటే ఒప్పుకోదు. "ఎప్పటికైనా ఇస్తారేమో అబ్బాయ్" అంటూ మళ్లీ బీరువాలో పెట్టేసింది.