అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర షో: ‘వింటర్ డ్రాగన్’ వెనక కథ

2015 ఫిబ్రవరి 9. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం రాత్రి గడిచి సోమవారం మొదలై గంటన్నర అయింది. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ అనే కేబుల్ ఛానల్లో ‘వింటర్ డ్రాగన్’ అనే ఒక అరగంట కార్యక్రమం వచ్చింది. ట్రైలర్ లేదు, పోస్టర్ లేదు, ప్రెస్‌మీట్ లేదు. దాని మూలం పేరు మాత్రం పెద్దది: ‘ది వీల్ ఆఫ్ టైమ్’. ఇరవై ఐదేళ్లుగా లక్షలమంది చదువుతున్న ఫాంటసీ నవలలు. ఎప్పటికైనా తెరమీద చూస్తామని ఆ పాఠకులు అన్నేళ్లూ ఎదురుచూశారు. చివరికి అది ఊరంతా నిద్రపోయే వేళ, అద్దెకు తీసుకున్న స్లాట్‌లో, చెప్పాపెట్టకుండా వచ్చి వెళ్లిపోయింది.

మన ఛానళ్లలోనూ ఇలాంటి స్లాట్లు ఉంటాయి. వేళకాని వేళలో టీవీ పెడితే జాతిరత్నాలూ, బట్టతలకి నూనెలూ, నడుంనొప్పి బెల్టులూ కనిపిస్తాయి చూడండి, అవే. ఛానల్ వాళ్లు తీసినవి కావు. డబ్బు కట్టినవాళ్లు టేపు ఇస్తారు, ఛానల్ వేస్తుంది. ‘వింటర్ డ్రాగన్’ కూడా అలా డబ్బు కట్టి వేయించుకున్నదే. నూనె సీసా ఉండాల్సిన చోట ఒక మహానవల మొదటి పేజీలు కనిపించడమే ఇందులో వింత.

తెల్లారేసరికి వీడియో ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. చూసినవాళ్లలో ముందు నవ్వుకున్నవాళ్లున్నారు, మండిపడ్డవాళ్లున్నారు. ఎవరో అభిమానులు సరదాగా తీసుకున్న షార్ట్ ఫిల్మ్ అనుకున్నవాళ్లూ ఉన్నారు. అభిమానుల పనే అయితే ‘టైటానిక్’లో హీరోయిన్‌కి కాబోయే భర్తగా వేసిన బిల్లీ జేన్ ఇందులో ఎందుకున్నాడు? ఒక మసక వెలుతురు భవనంలో ఇద్దరు మగవాళ్లు ఇరవై నిమిషాలకు పైగా మాట్లాడుకుంటారు. వాళ్లెవరో, దేనికి కొట్లాడుకుంటున్నారో పుస్తకం చదవనివాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. చదివినవాళ్లకి అర్థమవుతుంది కాబట్టి వాళ్ల బాధ ఇంకా ఎక్కువ.

నా మటుకు నాకు అది జనం తిట్టినంత చెత్తగా అనిపించలేదు. కథను మార్చలేదు. లేని పాత్రల్ని తెచ్చి అతికించలేదు. ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ అనే మొదటి నవల ప్రోలాగ్‌తో మొదలవుతుంది. అందులో లూస్ థెరిన్ అనే మహావీరుడు పిచ్చెక్కి, తన చేత్తోనే తనవాళ్లందరినీ చంపుకుని, ఆ సంగతి తనకే తెలియక, శవాల మధ్య తిరుగుతూ భార్య ఇలియెనాను పిలుస్తుంటాడు. అప్పుడు శత్రువు ఇషమాయెల్ వచ్చి అతని పిచ్చి కుదురుస్తాడు. జాలితో కాదు, చేసిందేమిటో కళ్లతో చూసి కుమిలిపోవాలని. పుస్తకంలో కొన్ని పేజీలే అయినా ఒళ్లు జలదరిస్తుంది. టీవీలో మ్యాక్స్ ర్యాన్ ఆ వీరుడు, బిల్లీ జేన్ ఆ శత్రువు. ఖర్చు పెట్టి, వెలుతురు పెట్టి, నాలుగు నెలలు కూర్చుని తీయాల్సిన సీను అది. దీన్ని చూస్తే అలా తీసినట్టు ఎక్కడా అనిపించదు.

అందుకే అభిమానుల నవ్వు ఆ రోజే అనుమానంగా మారింది. ఇంత పెద్ద పేరు పెట్టుకుని ఎవరూ చూడని వేళలో ఎందుకు వేశారు? ఎవరూ చూడకూడదనా?

జవాబులో సగం నవలా రచయిత భార్య నుంచి వచ్చింది. రాబర్ట్ జోర్డన్ అనేది కలంపేరు. అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ జూనియర్, ఊరు దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టన్. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ గన్నర్‌గా పనిచేశాడు. 1990లో మొదటి నవల వచ్చింది. 2007 సెప్టెంబర్‌లో, కథ ముగించకుండానే, గుండె కండరాన్ని పాడుచేసే అరుదైన జబ్బుతో పోయాడు. చివరి మూడు పుస్తకాల్ని ఆయన రాసిపెట్టుకున్న నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశాడు. పద్నాలుగోది 2013లో వచ్చింది. ఆ శాండర్సన్‌ని ఎంచుకుంది హ్యారియెట్ మెక్‌డూగల్. ఆమె జోర్డన్‌కి భార్య మాత్రమే కాదు, మొదటి నుంచీ ఆయన ఎడిటర్ కూడా. ఆయన రాసిన ప్రతి వాక్యమూ ఆమె కలం కిందుగా వచ్చిందే.

అలాంటి మనిషికి ఈ షో సంగతి అది వచ్చాకే తెలిసింది. వెంటనే ఒక ప్రకటన ఇచ్చారు. తనకు తెలియకుండా, తన ప్రమేయం లేకుండా తీశారని, స్క్రిప్టు కూడా చూపించలేదని అందులో చెప్పారు. పైలట్ (సిరీస్‌కి ముందు నమూనాగా తీసే ఎపిసోడ్) అనే మాటను ప్రతిసారీ కొటేషన్ గుర్తుల మధ్యే రాశారు. ఆ రెండు చిన్న గుర్తుల్లో ఉన్న కోపం పేజీ తిట్టినా రాదు. అసలు కీలకం ఆ తర్వాతి మాట. ఒప్పందం ప్రకారం టీవీ హక్కులు యూనివర్సల్ పిక్చర్స్ చేతిలో ఉన్నాయి, ఫిబ్రవరి 11న అవి తిరిగి తమ సంస్థ బ్యాండర్‌స్నాచ్ గ్రూప్‌కి వచ్చేస్తాయి. షోలో చూస్తే యూనివర్సల్ పేరే లేదు.

ఫిబ్రవరి 11 బుధవారం. షో పడింది సోమవారం తెల్లవారుజామున. లెక్క వేసుకోవడానికి అభిమానులకు ఎంతోసేపు పట్టలేదు.

ఈ హక్కుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. హాలీవుడ్‌లో నవలని ఊరికే కొనేయరు. ముందు ఆప్షన్ తీసుకుంటారు. అంటే కొంత డబ్బిచ్చి, ఫలానా తేదీలోగా మేం సినిమానో సీరియలో తీస్తాం, అప్పటిదాకా ఇంకెవరికీ ఇవ్వకండి అని రాయించుకోవడం. తీస్తే హక్కులు నిలుస్తాయి, తీయకపోతే రచయితకు తిరిగి వెళ్తాయి. మన దగ్గర ఇళ్లస్థలం పట్టా తీసుకున్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. గడువులోగా కట్టకపోతే పట్టా రద్దు అంటారు, ఇల్లు కట్టే స్తోమత ఉండదు, వదులుకోవడానికి మనసు రాదు. ఓ బేస్‌మట్టం లేపి, నాలుగు రేకులు నిలబెట్టి, ‘ఇదిగో కట్టేశాం’ అంటారు.

జోర్డన్ నవలల మీద రెడ్ ఈగిల్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న సంస్థ 2004లోనే హక్కులు తీసుకుంది. 2008లో యూనివర్సల్‌తో సినిమాలకి ఒప్పందం అన్నారు. సినిమా రాలేదు. గేములన్నారు, అవీ రాలేదు. కథకు ముందరి కథతో కామిక్స్ మొదలై మధ్యలో ఆగి, కొన్నేళ్లకి వేరే ప్రచురణకర్త చేతుల్లో పూర్తయ్యాయి. పదేళ్లు ఇలా గడిచాక మిగిలింది ఈ అరగంట స్లాట్. టీవీ సిరీస్‌కి ప్రపంచమంతా గిరాకీ ఉందని, దాన్ని తీయాలన్నదే తమ ఉద్దేశమని రెడ్ ఈగిల్ వాళ్లు పత్రికలవాళ్లతో అన్నారు. అయ్యుండొచ్చు. కానీ సిరీస్ తీయాలనుకునేవాళ్లెవరూ దాన్ని రాత్రి ఒంటిగంటన్నరకి దాచిపెట్టరు.

ఇలాంటి పనికి అక్కడ ఒక పేరుంది: యాష్‌క్యాన్. అంటే చెత్తబుట్ట. 1930లు, 40లలో కామిక్ పుస్తకాల కంపెనీలు కొత్త పత్రిక పేరు ట్రేడ్‌మార్క్ చేయించుకోవడానికి ఏవో పాత బొమ్మలు అతికించి నాలుగైదు కాపీలు అచ్చువేసేవి. ఆఫీసులో చూపించడానికే తప్ప అవి అంగట్లోకి వెళ్లేవి కావు, పని అయ్యాక చెత్తబుట్టలోకే. ఆ అలవాటు తర్వాత సినిమాలకీ పాకింది.

ఫాంటసీ నవలల్లో దీనికి తాతలాంటి ఉదాహరణ 1966 నాటిది. దాని ముందు ‘వింటర్ డ్రాగన్’ చాలా మర్యాదగా ప్రవర్తించిందనే చెప్పాలి. విలియం స్నైడర్ అనే అమెరికన్ నిర్మాతకి ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ నవల హక్కులు దొరికాయి. యానిమేషన్ సినిమా తీయమని ప్రాగ్‌లో ఉన్న జీన్ డైచ్‌కి అప్పగించాడు. మనం చిన్నప్పుడు చూసిన ‘టామ్ అండ్ జెర్రీ’లో ఒక విడతకి దర్శకుడు ఈ డైచే. స్క్రిప్టు రాశారు. ప్రధాన పాత్రకి ప్రేమకథ ఉండాలని పుస్తకంలో లేని ఒక రాకుమారిని కూడా తెచ్చిపెట్టారు. ఈలోగా బేరం పెద్ద స్టూడియోతో కుదరక చెడింది, సినిమా అటకెక్కింది.

అంతలో అమెరికాలో టోల్కీన్ పేపర్‌బ్యాకులు విరగబడి అమ్ముడయ్యాయి. స్నైడర్ దగ్గరున్న కాగితం విలువ ఒక్కసారిగా పెరిగింది. కానీ గడువు 1966 జూన్ 30. కాగితం తిరగేసి చూస్తే అందులో రంగుల్లో సినిమా తీయాలని ఉంది కానీ, ఎంత నిడివి ఉండాలో లేదు! డైచ్‌కి కబురు వెళ్లింది: నెలరోజుల్లో ఏదో ఒకటి తీసి రీలు పట్టుకుని న్యూయార్క్ రా. అడాల్ఫ్ బోర్న్ అనే చెక్ చిత్రకారుడు గబగబా బొమ్మలు వేశాడు. యానిమేషన్‌కి టైమెక్కడిది? బొమ్మల మీద కెమెరా అటూ ఇటూ జరుపుతూ పన్నెండు నిమిషాల సినిమా చుట్టేశారు. డ్రాగన్ స్మాగ్ పేరు కూడా స్లాగ్ అయిపోయింది. మన్‌హాటన్‌లో చిన్న ప్రొజెక్షన్ గది మాట్లాడి, దారినపోయేవాళ్లని లోపలికి పిలిచి, వాళ్ల చేతిలో పది సెంట్ల నాణెం పెట్టి, ఆ నాణేన్నే టికెట్ డబ్బుగా మళ్లీ తీసుకున్నారు. డబ్బు కట్టి రంగుల సినిమా చూశామని సంతకాలు చేయించుకున్నారు. అంతే, ఒప్పందం ప్రకారం సినిమా విడుదలైనట్టే. హక్కులు నిలిచాయి. ఆ తర్వాత వాటిని తిరిగి వదులుకోవడానికి స్నైడర్‌కి దాదాపు లక్ష డాలర్లు ముట్టాయని డైచ్ స్వయంగా రాశాడు. తనకి మాత్రం అందులో పెద్దగా రాలేదన్నాడు. 2012లో ఆ రీలు ఇంటర్నెట్‌లోకి వచ్చింది. చూడండి, బొమ్మలు నిజంగా అందంగా ఉంటాయి.

1994 నాటి ‘ఫెంటాస్టిక్ ఫోర్’ సంగతి సినిమా పిచ్చోళ్లకి తెలిసిందే. జర్మన్ నిర్మాత బెర్న్డ్ ఐకింగర్ హక్కులు 1992 చివరికి తీరిపోతాయనగా, రోజర్ కార్మన్‌ని కలుపుకుని సుమారు పది లక్షల డాలర్లతో చుట్టేసిన సినిమా. నటులు నమ్మి, సొంత డబ్బుతో ప్రచారం చేసుకున్నారు. విడుదల మాత్రం కాలేదు. అన్నిట్లోకీ నాకు బాధేసేది ఇదే. మిగతా చోట్ల మోసపోయింది ఒప్పందమో ప్రేక్షకుడో, ఇక్కడ పనిచేసినవాళ్లే మోసపోయారు.

ఈ పాతవాటికీ 2015కీ ఒక తేడా ఉంది. డైచ్ సినిమా చూసినవాళ్లు గదికి సరిపడా జనం. వాళ్లకి తాము చూసిందేమిటో తెలియదు, తెలిసినా చెప్పుకోవడానికి చోటు లేదు. యాష్‌క్యాన్ పద్ధతి నడిచేదే ఆ నిశ్శబ్దం మీద. 2015లో ప్రతి ఇంట్లో రికార్డింగ్ పెట్టె ఉంది, ప్రతి అభిమాని చేతిలో ఫోనుంది. వాళ్లకి ఒప్పందాలు చదివే ఓపిక కూడా ఉంది. పద్నాలుగు లావుపాటి పుస్తకాలు చదివి, వందల పాత్రల పేర్లు గుర్తుపెట్టుకున్నవాళ్లకి హక్కుల తేదీ ఒక లెక్కా? ఆ రోజు వాళ్లలో చాలామంది నటన బాగాలేదని, సెట్లు బాగాలేదని తిట్టారు. నన్నడిగితే అది పెళ్లి రిజిస్ట్రేషన్ ఫారంలో కవిత్వం లేదని గొడవపడటంలాంటిది. ఆ షోకి కావలసింది ప్రేక్షకులు కాదు, ప్రసారమైనట్టు ఒక రుజువు.

తర్వాత కథ కోర్టుకెక్కింది. మెక్‌డూగల్ ప్రకటన తమ పరువు తీసిందని, ఒకరినొకరు చెడ్డగా చెప్పుకోకూడదన్న ఒప్పందాన్ని మీరిందని రెడ్ ఈగిల్ కొన్ని రోజుల్లోనే కాలిఫోర్నియాలో దావా వేసింది. భర్త పుస్తకాన్ని తనకు చెప్పకుండా తీశారన్న డెబ్భై దాటిన మనిషి మీద దావా! అభిమానులు మళ్లీ భగ్గుమన్నారు. అయితే ఆ అరగంట షోతో హక్కులు నిలిచాయా లేదా అన్న ప్రశ్న తీర్పు దాకా వెళ్లలేదు. 2016 ఏప్రిల్‌లో, చట్టపరమైన చిక్కులన్నీ తీరాయని, ఒక పెద్ద స్టూడియో సిరీస్ తీయబోతోందని మెక్‌డూగలే చెప్పారు. ఆ స్టూడియో సోనీ. 2018లో అమెజాన్ వచ్చి చేరింది. 2021 నవంబర్ 19న మొదటి ఎపిసోడ్లు వచ్చాయి. షూటింగ్ ఎక్కువగా ఎక్కడనుకున్నారు? డైచ్ నెలరోజుల్లో బొమ్మలు గీయించిన ప్రాగ్‌లోనే.

మనవాళ్లలో చాలామందికి ఈ కథ పరిచయమైంది అప్పుడే, అదీ తెలుగు డబ్బింగ్‌తో. కాలం చక్రంలా తిరుగుతుందని, యుగాలు వచ్చి పోతాయని, పోయినవి మళ్లీ వస్తాయని మొదలయ్యే కథ మనకి వింతగా ఏమీ తోచదు. కాలచక్రం అనే మాటే ఆ టైటిల్. జోర్డన్ చక్రానికి ఏడు ఆకులు, ఏడు యుగాలు. మనకున్నవి నాలుగే.

ఆ సిరీస్ మీదా పుస్తకాభిమానులు చీలిపోయారు. పాత్రలు మార్చారన్నారు, చావనివాళ్లని చంపారన్నారు. మూడో సీజన్‌కి మంచి పేరొచ్చింది, వచ్చిన వెంటనే, 2025 మేలో, అమెజాన్ ఆపేసింది. టైటిల్స్‌లో ఎగ్జిక్యూటివ్ నిర్మాతల వరస చదివితే రెడ్ ఈగిల్ అధినేతలు రిక్ సెల్వేజ్, ల్యారీ మోండ్రాగన్ పేర్లు ఉంటాయి. కన్సల్టింగ్ నిర్మాతగా హ్యారియెట్ మెక్‌డూగల్ పేరూ ఉంటుంది. దావా వేసినవాళ్లూ, వేయించుకున్నావిడా ఒకే జాబితాలో.

పెద్ద బడ్జెట్‌తో మూడు సీజన్లు తీసినా, శవాల మధ్య భార్యను వెతుక్కునే లూస్ థెరిన్ సన్నివేశం పుస్తకంలో ఉన్నట్టుగా మాత్రం అందులో రాలేదు. దాన్ని తెరమీద చూడాలనుకునే పాఠకుడు ఇప్పటికీ ఆ రాత్రి ఒంటిగంటన్నర షోనే వెతుక్కోవాలి.