"మెంబరుకి సెప్పేం కదా" అంటే ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు

పోయిన నెల మళ్లీ అదే మాట విన్నాను. ఊరి పేరు అనవసరం, శ్రీకాకుళం జిల్లాలోదే. పదమూడేళ్ల పిల్ల. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగు పనికి వెళ్లారు, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. పక్కింటాయన చేసిన పని మాకు నలభై రోజుల తర్వాత తెలిసింది, అదీ పిల్ల బడికి రావడం లేదని టీచరమ్మ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే. ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగేసరికి ఆ ముసలావిడకి నా మీద కోపమొచ్చింది. "సెప్పకపోవడమేటి తల్లీ? మర్నాడే మెంబరుకి సెప్పేం. పెసిడెంటు గారూ వొచ్చేరు. కాయితం కూడా రాసేరు" అంటూ ట్రంకుపెట్టె తీసి, చీర మడతల్లోంచి వంద రూపాయల స్టాంపు కాగితం బయటికి తీసింది.

ఆవిడ లెక్కలో ఆవిడ ఫిర్యాదు ఇచ్చేసింది. ప్రభుత్వానికి చెప్పేసింది. ఇక ప్రభుత్వమే ఏమీ చెయ్యలేదు.

పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట చైల్డ్‌లైన్ వలంటీరుగా శ్రీకాకుళంలో, ఇప్పుడు విజయనగరం వైపు, పిల్లల కేసుల్లో కుటుంబాలకి స్టేషను దగ్గర్నుంచి కోర్టు దాకా తోడు వెళ్లే పని. ఈ ఒక్క అపోహ వల్ల నష్టపోయినంతగా జనం ఇంకే అపోహ వల్లా నష్టపోవడం నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం. మిగతావి ఆనక, గబగబా.

అపోహ: మెంబరుకో, ప్రెసిడెంటుకో, టౌన్లో అయితే కౌన్సిలర్‌కో చెబితే చాలు, ఇక చూసుకోవాల్సింది వాళ్లే.

వాస్తవం: కానే కాదు. 2012 నాటి పోక్సో చట్టం, 19వ సెక్షన్. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా ఎవరైనా సరే చెప్పాల్సిందే, చెప్పాల్సిన చోటు కూడా అందులోనే రాసి ఉంది: దగ్గర్లోని పోలీసు స్టేషను, లేదా పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు విభాగం. మెంబరు ఊసు అక్కడ లేదు. మీరు ఆయనకి చెప్పినప్పుడు విషయం తెలిసినవాళ్లలో ఇంకొకరు చేరారు, అంతే.

పోలీసులకి చెబితే గంటల లెక్క మొదలవుతుంది. 24 గంటల్లో విషయం సీడబ్ల్యూసీకి, అంటే బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకి చేరాలి. పిల్ల ఇంటికే, లేదా పిల్ల ఎక్కడ కోరితే అక్కడికే, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. మెంబరుకి చెబితే వీటిలో ఏ ఒక్కటీ మొదలవదు. మొదలయ్యేది తగువు.

ఆ నలభై రోజుల్లో ఏం పోయిందో చెబుతాను. బట్టలు ఉతికేశారు. డాక్టరు పరీక్షలో దొరకాల్సినవి మొదటి మూడు నాలుగు రోజులు దాటాక దాదాపుగా దొరకవు, అవి పోయాయి. ఆ మనిషి చెన్నై వెళ్లి, కొన్నాళ్లుండి, ఏమీ జరగనట్టు తిరిగొచ్చి అదే వీధిలో తిరుగుతున్నాడు. ఆ రాజీ కాగితం మీద రాసిన సొమ్ము ఎంతో ఊరంతటికీ తెలుసు, బళ్లో ఆడపిల్లలకి కూడా తెలుసు. పిల్ల బడి మానేసింది జరిగినదానికి కాదు, ఆ అంకె చెవిన పడ్డాకే.

రాజీ చెల్లుతుందా అని అడిగేవాళ్లకి: చెల్లదు. ఇది గట్టు తగాదా కాదు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద పెట్టిన కేసులో తండ్రి రాజీ పడ్డాడు, హైకోర్టు ఆ రాజీ చూసి కేసు కొట్టేసింది, సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆ తీర్పుని రద్దు చేసి విచారణ జరగాల్సిందేనంది. కన్నతండ్రి సంతకానికే దిక్కులేనప్పుడు మెంబరు సంతకం ఎంత?

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, మరి ఆ మెంబరు బాధ్యత ఏమీ లేదా అని. ఉంది. మీరనుకునే చోట కాదు, ఇంకోచోట. "ఎవరైనా" అని చట్టంలో ఉన్నప్పుడు ఓట్లేయించుకున్నవాళ్లు కూడా ఆ ఎవరైనాలోకే వస్తారు. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బడి, హాస్టలు లాంటి సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల సంగతి దాచిపెడితే ఏడాది దాకా. ఫిర్యాదు రాసుకోని పోలీసుకి కూడా అదే సెక్షను.

ఇక ఆ స్టాంపు కాగితం. అమ్మమ్మ దాన్ని తన రక్షణ అనుకుని దాచుకుంది. కింద ఐదు సంతకాలు, పైన తేదీ. "మాకు ఫలానా రోజునే తెలుసు, మేం పోలీసులకి చెప్పలేదు" అని ఐదుగురు పెద్దమనుషులు స్వహస్తాలతో రాసిచ్చినట్టే కదా అది. ఎస్సైకి జెరాక్సు ఇచ్చాం. ఆ సాయంత్రం, నలభై రోజుల్లో ఒక్కసారి కూడా ఆ ఇంటి గుమ్మం తొక్కని పెద్దాయన, ఆ ఐదుగురిలో ఒకాయన, నాకు నాలుగుసార్లు ఫోన్ చేశారు. చివరి ఫోన్లో, "అది చించేస్తే సరిపోద్దా మేడమ్?" అని.

నేనూ ఏం పెద్ద పొడిచేయలేదు మొదట్లో. చేరిన రెండో ఏడాది, ఒక టౌన్లో పదేళ్ల బాబు కేసు. స్టేషన్లో పలుకుబడి ఉన్న మనిషి తోడుంటే పని త్వరగా అవుతుందని నా తెలివి ఉపయోగించి, స్టేషనుకి వెళ్లకముందే కౌన్సిలర్‌కి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే. పాపం కంగారులో తన మనుషులిద్దరికి చెప్పాడు. మేం స్టేషన్ మెట్లెక్కేసరికి బాబు వాళ్ల వీధిలో అందరూ అరుగుల మీదే ఉన్నారు. ఆ కుటుంబం ఆర్నెల్లలో ఇల్లు మారిపోయింది. పిల్లల పేరూ ఊరూ ఎవరికీ తెలియకూడదన్నది నేను అప్పటికి నలుగురికి పాఠం చెప్పిన విషయమే. ఇప్పటికీ ఆ వీధి మీదుగా బండి పోనివ్వను, చుట్టు తిరిగి వెళతాను.

అలాగని మెంబరుకి అసలు చెప్పొద్దని కాదు. ముందు స్టేషను, తర్వాత మెంబరు. విజయనగరం జిల్లాలోనే ఒక కౌన్సిలరమ్మ ఉన్నారు. ఎవరైనా ఏడుస్తూ వస్తే వివరాలేమీ అడగరు, ఆటో మాట్లాడి స్టేషనుకి తీసుకెళ్లి, తను బయట వేపచెట్టు కింద కూర్చుంటారు. అడగాల్సిన సాయం అదే: "తోడు రండి" అని. "తీర్చండి" అని మాత్రం కాదు.

ఆలస్యమైపోయింది, ఇప్పుడు చెబితే మన మీదే కేసు పెడతారేమో అని వణికేవాళ్లు చాలామంది. ఆ అమ్మమ్మ కూడా మూడు రాత్రులు నిద్రపోలేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లకి సివిలుగా కానీ క్రిమినలుగా కానీ ఏ ఇబ్బందీ ఉండదని 19వ సెక్షన్లోనే రాసి ఉంది. నేను తోడు వెళ్లిన కేసుల్లో ఆలస్యంగా వచ్చిన ఏ అమ్మ మీదా, ఏ అమ్మమ్మ మీదా ఇందుకోసం కేసు కట్టలేదు. నెల దాటినా, ఏడాది దాటినా వెళ్లండి. ఏ ఊరి స్టేషన్లో అయినా ఇవ్వొచ్చు, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ కట్టమనండి. స్టేషనంటే భయమైతే 1098, పగలూ రాత్రీ, మీ పేరు చెప్పక్కర్లేదు. వకీలు కావాలంటే న్యాయసహాయం నంబరు 15100.

హమ్మయ్య. ఇక మిగతావి.

అపోహ: పిల్లల రక్షణ శాఖ సరిగా పనిచెయ్యకపోతే కౌన్సిలర్ రాజీనామా చెయ్యాలి. లండన్‌లో ఉన్న మా మేనల్లుడు ఇంగ్లండ్ సంగతి ఒకటి పంపాడు, "పిన్నీ, మన దగ్గర ఇలా ఎందుకు జరగదు?" అని. రోథర్‌హామ్ అనే ఊళ్లో 1997 నుంచి 2013 మధ్య సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో నివేదిక వస్తే కౌన్సిల్ నాయకుడు ఆ రోజే తప్పుకున్నాడు, మరుసటేడు ప్రభుత్వం కౌన్సిల్ అధికారాలు తీసుకుని కమిషనర్లని పెట్టింది. నిజమే. కానీ అక్కడ పిల్లల సేవల శాఖ నడిపేది కౌన్సిలే. సోషల్ వర్కర్ల జీతాలు కౌన్సిల్‌వే. ఇక్కడ డీసీపీయూ (జిల్లా బాలల రక్షణ విభాగం), సీడబ్ల్యూసీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోవి. 2021 మార్చిలో మున్సిపల్ ఎన్నికలు విజయనగరం కార్పొరేషన్‌కి జరిగాయి, శ్రీకాకుళం కార్పొరేషన్‌కి జరగలేదు. కార్పొరేటరే లేని నగరంలో పిల్లల కేసులు ఆగాయా? అదే స్టేషను, అదే 1098, అదే సీడబ్ల్యూసీ. కాబట్టి తప్పు ఎవరిదో వాళ్లనే పట్టుకోండి. సీడబ్ల్యూసీ మీద ఫిర్యాదుంటే వినాల్సింది కలెక్టరు, మూడు నెలలకోసారి దాని పని సమీక్షించాల్సిందీ ఆయనే, కాగితం రాసుకుని సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లండి. స్టేషన్లో రాసుకోకపోతే ఎస్పీ. అదీ కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్.

అపోహ: కౌన్సిలర్ లెటర్‌ప్యాడ్ మీద రాసిస్తే సీడబ్ల్యూసీ పిల్లని ఇచ్చేస్తుంది. ఇవ్వదు. అది చైర్‌పర్సన్, నలుగురు సభ్యుల బెంచి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలుంటాయి. లెటర్‌ప్యాడ్ కోసం తిరిగే రెండు రోజుల్లో పిల్ల బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్, రేషన్ కార్డు జెరాక్సులు తీయించుకోండి.

అపోహ: చెబితే పిల్లని హోమ్‌లో పడేస్తారు. ఈ భయం ఉన్నవాళ్లని నేను ఎప్పుడూ కోప్పడను. హోమ్ అనేది ఏ దారీ లేనప్పుడు ఆఖరి మాట అని బాలల న్యాయ చట్టమే అంటోంది. ఇంట్లో ఉంచి చదివించుకోవడానికి అర్హత ఉన్న పిల్లలకి మిషన్ వాత్సల్య పథకంలో నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, అడగండి.

అపోహ: బాల్య వివాహానికి వచ్చి అక్షింతలు వేసిన నాయకుడికి ఏమీ కాదు. అవుతుంది. 2006 చట్టం, 11వ సెక్షను, ప్రోత్సహించినా, తెలిసీ వెళ్లి పాల్గొన్నా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఈ మధ్య పెళ్లి ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు వేస్తున్నారు, మాకు సాక్ష్యం వెతుక్కునే శ్రమ తప్పింది.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న వాట్సాప్ ఫార్వర్డుల గురించి రాయను. దయచేసి నాకు పంపకండి.

ఒక్క చోట మాత్రం ప్రెసిడెంటుని నేరుగా అడగొచ్చు. గ్రామంలో బాలల రక్షణ కమిటీ అని ఒకటుండాలి, దానికి అధ్యక్షుడు సర్పంచే. అది ఎప్పుడెప్పుడు కూర్చుంది, ఏం మాట్లాడింది, రిజిస్టరు నకలు ఇమ్మని పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. పిల్లల పేర్లు అడక్కండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

విజయనగరానికి ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో ఇలాగే అడిగించాం. ఇరవై ఎనిమిదో రోజున నకలొచ్చింది. ఏడాదిలో నాలుగు మీటింగులు, అన్నీ ఒకే పెన్నుతో రాసినవి, ఒకే వరసలో తొమ్మిది సంతకాలు. మూడో మీటింగు తేదీ చూసి నేనూ, దరఖాస్తు పెట్టిన అబ్బాయీ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. అది పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజు. ఆ రోజు ఆ ఊళ్లో ఇంటికో ముసలాయన తప్ప మనిషన్నవాడు దొరకడు. అడిగితే, "తెల్లారే కూర్చున్నాం మేడమ్, అయ్యాకే అమ్మవారి దగ్గరికి బయల్దేరాం" అన్నారు.