గూగుల్‌లో కనిపిస్తే బింగ్‌లోనూ కనిపిస్తామా? సెర్చ్ ఇంజిన్లపై అపోహలు – వాస్తవాలు

విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపు కావచ్చు, గుంటూరులో మిర్చి ఎగుమతి సంస్థ కావచ్చు, వెబ్‌సైట్ పెట్టుకున్నాక యజమాని అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "గూగుల్‌లో పైకి వస్తామా?" మిగతా సెర్చ్ ఇంజిన్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తినా, ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో సైటు రాయాలేమో అన్నట్టు భయపడతారు. రాయాల్సిన సరుకు అన్నింటికీ ఒకటే. తేడా అంతా మన పేజీలు వాటికి ఎలా చేరతాయన్న దగ్గరే ఉంది. దీని మీద ఊళ్లో చెలామణీ అవుతున్న అపోహలు చూద్దాం.

అపోహ: 500 సెర్చ్ ఇంజిన్లలో సబ్మిట్ చేయిస్తే మంచిది.

ఈ ప్యాకేజీకి డబ్బు ఇవ్వకండి. సెర్చ్ ఇంజిన్ చదివి దాచుకున్న పేజీల జాబితాను ఇండెక్స్ అంటారు. మన దగ్గర లెక్కలోకి వచ్చే పెద్ద ఇండెక్సులు రెండే: గూగుల్, బింగ్. యాహూ ఫలితాలు బింగ్ నుంచే వస్తాయి. డక్‌డక్‌గో చూపించే మామూలు లింకులు కూడా ఎక్కువగా బింగ్‌వే. అంటే బింగ్‌లో లేని సైటు ఈ రెండింటిలోనూ దాదాపు లేనట్టే. యాండెక్స్ రష్యాలో, బైదూ చైనాలో నడుస్తాయి. చైనాకు తేజ మిర్చి పంపే వ్యాపారికి బైదూ పనికొస్తుంది. కానీ దానికి చైనీస్‌లో రాసిన పేజీలు కావాలి, అది వేరే పని, వేరే ఖర్చు.

అపోహ: గూగుల్‌లో ఉంటే బింగ్‌లోనూ ఉన్నట్టే.

రెండింటి బాట్లు (సైట్లలోని పేజీలను చదివి వెళ్లే ప్రోగ్రాములు) వేరు, ఇండెక్సులు వేరు. ముందు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును వెరిఫై చేయండి. తర్వాత బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి వెళ్లి, సెర్చ్ కన్సోల్ నుంచి ఇంపోర్ట్ చేసుకునే ఆప్షన్ ఎంచుకుంటే మళ్లీ వెరిఫికేషన్ పని ఉండదు. రెండు చోట్లా సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల చిరునామాల జాబితా) ఇచ్చి, ఒక ముఖ్యమైన పేజీ యూఆర్ఎల్‌ను, అంటే చిరునామాను, యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి, అది ఇండెక్స్‌లో ఉందో లేదో చూడండి.

గూగుల్‌లో ఉండి బింగ్‌లో లేని సైటుకు మొదట చూడాల్సింది ఫైర్‌వాల్, అంటే అక్కర్లేని రాకపోకలను ఆపే కాపలా. హోస్టింగ్ వాళ్లో, సెక్యూరిటీ ప్లగిన్నో గూగుల్‌బాట్‌ను వదిలి బింగ్‌బాట్‌ను అడ్డుకుంటూ ఉండవచ్చు. సర్వర్ లాగ్ (సైటుకు ఎవరెవరు వచ్చారో రాసుకునే ఫైలు) తెరిచి బింగ్‌బాట్ పేరు వెతకండి. పక్కన 'ప్రవేశం లేదు' అని చెప్పే 403 కోడ్ కనిపిస్తే దోషం దొరికినట్టే. అయితే ఆ పేరుతో దొంగ బాట్లు కూడా వస్తాయి. లాగ్‌లో ఉన్న ఐపీకి (నెట్‌లో ఆ కంప్యూటర్ నంబరు) రివర్స్ డీఎన్ఎస్ చూస్తే, అంటే ఆ నంబరు వెనకున్న పేరు వెతికితే, అసలు బింగ్‌బాట్‌కు చివర 'సెర్చ్ డాట్ ఎంఎస్ఎన్ డాట్ కామ్' అని ఉంటుంది. ఆ పేరును మళ్లీ ఐపీకి మార్చి చూస్తే మొదటి ఐపీయే రావాలి. గూగుల్‌బాట్‌కూ పద్ధతి ఇదే, దాని పేరు చివర 'గూగుల్‌బాట్ డాట్ కామ్' కనిపిస్తుంది.

"మా కస్టమర్లంతా ఇక్కడివాళ్లే" అని విదేశీ ఐపీలన్నీ మూసేయడం ఇంకో పెద్ద పొరపాటు. గూగుల్‌బాట్ ప్రధానంగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది. ఆ తలుపు మూస్తే కొన్నాళ్లకు గూగుల్‌లోంచి కూడా జారిపోతారు.

ఏ బాట్ ఏ పేజీలు చదవకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో ఉండే చిక్కు చాలామంది డెవలపర్లకే తెలియదు. నక్షత్రం గుర్తు కింద అందరికీ వర్తించేలా అడ్మిన్, కార్ట్ పేజీలను ఆపారనుకోండి. తర్వాత ఎవరో బింగ్‌బాట్ వేగం తగ్గించాలని దాని పేరుతో వేరే భాగం పెట్టి, అందులో క్రాల్-డిలే లైను ఒక్కటే రాశారు. ఇక బింగ్‌బాట్ తన పేరున్న భాగాన్ని మాత్రమే చదువుతుంది, పైనున్న ఆంక్షలేవీ దానికి అంటవు. పేరు పెట్టి భాగం రాస్తే ఆంక్షలన్నీ అందులో మళ్లీ రాయాల్సిందే. క్రాల్-డిలేను బింగ్ పాటిస్తుంది, గూగుల్ అసలు పట్టించుకోదు.

అపోహ: సైట్‌మ్యాప్ ఇచ్చాక ఇంకేం చేయనక్కర్లేదు.

ఒక సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 యూఆర్ఎల్‌లు, కంప్రెస్ చేయకముందు 50 ఎంబీ వరకే అనుమతి. దాటితే ముక్కలు చేయాలి. పేజీ ఎంత ముఖ్యమో, ఎంత తరచుగా మారుతుందో చెప్పే ప్రయారిటీ, చేంజ్‌ఫ్రీక్ విలువలను గూగుల్ చూడదు. పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే లాస్ట్‌మాడ్ తేదీని చూస్తుంది, అదీ నిజమైన తేదీ అయితేనే. ఏమీ మారకపోయినా అన్ని పేజీలకూ రోజూ ఆ రోజు తేదీ కొట్టే ప్లగిన్లున్నాయి. వాటితో ఆ తేదీల మీద నమ్మకమే పోతుంది.

రోజూ మారే పేజీలకు, ఉదాహరణకు తేజ, 334 అనే మిర్చి రకాల ధరలు పెట్టే పేజీకి, ఇండెక్స్‌నౌ వాడండి. పేజీ మారిందని ఇంజిన్లకు మనమే కబురు పంపేందుకు బింగ్, యాండెక్స్ కలిసి 2021 అక్టోబరులో తెచ్చిన పద్ధతి ఇది. 8 నుంచి 128 అక్షరాల కీ ఒకటి తయారుచేసి, అదే పేరుతో టెక్స్ట్ ఫైలుగా సైటు రూట్‌లో (అన్నిటికన్నా పై ఫోల్డరులో) పెట్టాలి. పేజీ మారినప్పుడల్లా ఆ యూఆర్ఎల్ పంపాలి. ఒక్కసారికి 10,000 వరకు పంపవచ్చు. తీసేసిన పేజీలను కూడా పంపాలి, అది చాలామంది మరిచిపోతారు. ఇది కబురు పంపడమే తప్ప ర్యాంకు పెంచే మందు కాదు. గూగుల్ దీన్ని తీసుకోదు, దానికి సైట్‌మ్యాపే దారి.

అపోహ: మెటా కీవర్డ్స్‌లో ఊళ్ల పేర్లన్నీ నింపాలి.

పేజీ కోడ్‌లో కీవర్డ్లు రాసే ఈ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌లో వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. తెనాలి, మంగళగిరి, నరసరావుపేట అని వరసగా నింపి ఉంటే తీసేయండి.

అపోహ: తెలుగు పేజీలు ర్యాంకు కావు.

యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాల పద్ధతి) రాసిన తెలుగును రెండు ఇంజిన్లూ చక్కగా చదువుతాయి. అసలు సమస్య అను ఫాంట్లతో. ప్రెస్‌లో కరపత్రం కోసం అనులో టైపు చేసిన మేటర్‌నే సైటులోకి తెస్తారు. అది కంటికి తెలుగే, ఇంజిన్‌కు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం. లేదంటే ఆ కరపత్రాన్నే జేపీజీగా పెడతారు. అప్పుడు పేజీలో చదవడానికి అక్షరమే ఉండదు.

పరీక్ష తేలిక. పేజీలోని వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగానే వస్తే యూనికోడ్, పిచ్చి గుర్తులు వస్తే అను. కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. మనిషి చేత ప్రూఫ్ చూపించాల్సిందే, ఇక్కడ బద్ధకిస్తే దుకాణం పేరే తప్పుగా పడుతుంది.

యూఆర్ఎల్‌లో తెలుగు వాడేటప్పుడు లెక్క తెలియాలి. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం, అంటే ఒక అక్షరం లేదా ఒక గుణింతపు గుర్తు, మూడు బైట్లు. యూఆర్ఎల్ కోసం ఎన్‌కోడ్ అయినప్పుడు బైటుకు మూడు చొప్పున అది తొమ్మిది అక్షరాలవుతుంది. 'గుంటూరు'లో గుణింతపు గుర్తులు, సున్నాతో కలిపి ఏడు సంకేతాలు, అంటే 63 అక్షరాలు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కు (యూఆర్ఎల్ చివరన వచ్చే పేజీ పేరుకు) 200 అక్షరాల హద్దు ఉంది కాబట్టి దాదాపు 22 సంకేతాల దగ్గర మాట తెగిపోతుంది. స్లగ్ ఒకటి రెండు మాటల్లో ముగించండి, లేదా ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. శీర్షిక, మేటర్ మాత్రం తెలుగులోనే ఉండనివ్వండి. ఇంగ్లిష్ అక్షరాలతో వెతికేవాళ్లూ ఉంటారు కనుక దుకాణం పేరు, పేట పేరు రెండు లిపుల్లోనూ పేజీలో ఒకసారి కనిపించాలి.

ఒకే పేజీ తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఉంటే ఏ భాష పేజీ ఎక్కడుందో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగ్ పెట్టండి. తెలుగు పేజీ ఇంగ్లిష్ పేజీని, ఇంగ్లిష్ పేజీ తెలుగు పేజీని చూపించాలి. ఒకవైపే ఉంటే గూగుల్ లెక్కచేయదు. బింగ్ దీనికి తక్కువ విలువ ఇస్తుంది, దానికోసం పేజీ భాషను చెప్పే కంటెంట్-లాంగ్వేజ్ ట్యాగ్ కూడా పెట్టడం మంచిది.

అపోహ: రోబోట్స్ ఫైలులో ఆపితే పేజీ గూగుల్‌లోంచి పోతుంది.

పోదు. వేరే సైట్ల నుంచి లింకులుంటే, లోపలి మేటర్ చదవకపోయినా చిరునామాను చూపిస్తూనే ఉంటుంది. పేజీ పోవాలంటే 'ఫలితాల్లో చూపించవద్దు' అని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ కావాలి. ఆ ట్యాగ్ చదవాలంటే బాట్‌ను లోపలికి రానివ్వాలి. రోబోట్స్ ఆంక్ష, నోఇండెక్స్ రెండూ కలిపి పెడితే ట్యాగ్ దానికి కనిపించనే కనిపించదు. నోఇండెక్స్‌ను రోబోట్స్ ఫైలులోనే రాసే పాత అలవాటుకు గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి మద్దతు ఆపేసింది.

అపోహ: మ్యాప్స్ అంటే గూగుల్ ఒక్కటే.

బింగ్ ప్లేసెస్‌లో కూడా నమోదు చేయండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నుంచి వివరాలు ఇంపోర్ట్ చేసుకోవచ్చు. డక్‌డక్‌గో 2019 నుంచి యాపిల్ మ్యాప్స్ వాడుతోంది. దుకాణాన్ని అందులో నమోదు చేసే యాపిల్ బిజినెస్ కనెక్ట్ 2023లో వచ్చింది, ఉచితమే. పేరు, చిరునామా, ఫోన్ నంబరు మూడు చోట్లా ఒక్కలాగే ఉండాలి. ఒకచోట విజయవాడ, ఇంకోచోట బెజవాడ అని రాయకండి. బోర్డు మీద లేని మాటలు, 'బెంజ్ సర్కిల్‌లో నంబర్ వన్' లాంటివి, పేరులో చేరిస్తే గూగుల్ నిబంధనలకు విరుద్ధం. లిస్టింగ్‌నే నిలిపివేసే ప్రమాదముంది.

మొబైల్ విషయంలో ఒక్క మాట. గూగుల్ ఇండెక్స్ చేసేది మొబైల్ రూపాన్నే. ఫోన్‌లో చోటు చాలదని ధరల పట్టికను మొబైల్ పేజీలోంచి తీసేస్తే, గూగుల్ దృష్టిలో ఆ పట్టిక లేనట్టే.

అపోహ: ఏఐ బాట్లను ఆపితే సెర్చ్‌లో దెబ్బతింటాం.

ఏ బాట్‌ను ఆపుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. గూగుల్ ఏఐ మోడళ్ల శిక్షణకు మన మేటర్ వాడుకోవడాన్ని అదుపు చేసే గూగుల్-ఎక్స్‌టెండెడ్‌ను ఆపినా గూగుల్ సెర్చ్‌లో మీ స్థానం మారదు. ఓపెన్ఏఐ జీపీటీబాట్ మోడళ్ల శిక్షణకు మేటర్ సేకరిస్తుంది, ఓఏఐ-సెర్చ్‌బాట్ చాట్‌జీపీటీ వెతుకులాటలో సైట్లను చూపడానికి. మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని వదలవచ్చు. కానీ రోబోట్స్ ఫైలులో ఒక్కోదానికి వేరే భాగం రాసేటప్పుడు, పైన బింగ్‌బాట్ దగ్గర చెప్పిన చిక్కే ఇక్కడా ఉంటుంది. రెండో బాట్‌కు విడిగా భాగం పెడితే అడ్మిన్, కార్ట్ ఆంక్షలను అందులోనూ మళ్లీ రాయండి.