ఊళ్లో బ్యాంకు లేదు, కాలేజీలో సీటొచ్చింది: అపోహలు - వాస్తవాలు

బ్యాంకు బ్రాంచి పది పదిహేను కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్ల నుంచి ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు డబ్బు పంపడం, వాళ్లు తీసుకోవడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు. కష్టమంతా ఖాతా మొరాయించినప్పుడే. కేవైసీ (గుర్తింపు పత్రాల ధ్రువీకరణ) గడువు దాటుతుంది, ఫోన్ నంబరు మారిపోతుంది, ఆధార్ వెళ్లి వేరే బ్యాంకుకు తగులుకుంటుంది. బ్రాంచి పక్క వీధిలో ఉంటే అరగంటలో తేలే పని, దూరంగా ఉంటే విద్యార్థికి ఒక రోజు క్లాసులు, ఇంట్లోవాళ్లకు ఒక రోజు కూలి. పైగా ఈ సంగతి బయటపడేది సరిగ్గా ఫీజు గడువు నెత్తిమీదకు వచ్చాకే.

అపోహ: ఆధార్ బ్యాంకుకు లింక్ అయ్యే ఉంది, స్కాలర్‌షిప్ ఆ ఖాతాలోనే పడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆధార్ లింక్ వేరు, జనం వాడుకలో ‘ఎన్‌పీసీఐ లింక్’ అనే సీడింగ్ వేరు. ఎన్‌పీసీఐ అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ. ఒక ఆధార్‌ను ఎన్ని బ్యాంకు ఖాతాలకైనా లింక్ చేసుకోవచ్చు. కానీ ప్రభుత్వం ఆధార్ ఆధారంగా పంపే డబ్బు ఎటు వెళ్లాలో చెప్పే ఎన్‌పీసీఐ జాబితాలో, అంటే మ్యాపర్‌లో, ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది. ఆఖరున ఏ బ్యాంకు సీడ్ చేస్తే డబ్బు ఆ బ్యాంకుకే. ఇంకో చిక్కు ఏమిటంటే, మ్యాపర్‌లో ఉండేది బ్యాంకు గుర్తే గానీ ఖాతా నంబరు కాదు. ఒకే బ్యాంకులో తల్లితో కలిపి ఒక జాయింట్ ఖాతా, విడిగా సొంత ఖాతా ఉంటే, డబ్బు ఎందులో పడాలన్నది ఆ బ్యాంకు రికార్డులో ఏ ఖాతాకు సీడింగ్ పెట్టారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇది ఎక్కడ తప్పుతుందో చూడండి. అడ్మిషన్ల వారంలో కాలేజీ ఆవరణలో ఏదో ఒక బ్యాంకు బల్ల వేసి అందరికీ ఖాతాలు తెరుస్తుంది. ఫారం చివర్లో, సంతకానికి కాస్త పైన, సబ్సిడీలూ స్కాలర్‌షిప్పులూ ఈ ఖాతాకే రావాలని ఒప్పుకునే చిన్న గడి ఉంటుంది. పక్కనున్నవాళ్లు టిక్కు పెట్టారని మనమూ పెడతాం. అంతే, మ్యాపర్‌లో ఊరి బ్యాంకు పోయి ఈ బ్యాంకు వచ్చి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు మాత్రం పాత పాస్‌బుక్ పట్టుకుని ప్రింట్ కోసం తిరుగుతుంటారు. గడి చెడ్డదేమీ కాదు. కాలేజీ పక్కనున్న బ్యాంకుకే డబ్బు రావడం చాలామందికి సుఖం కూడా. కాకపోతే తెలిసి పెట్టాలి.

చూసుకోవడానికి బ్రాంచికి వెళ్లక్కర్లేదు. మై ఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందా లేదా, ఆఖరుసారి ఎప్పుడు మారింది అన్నీ కనిపిస్తాయి. ఆంధ్ర వాళ్ల జ్ఞానభూమి, తెలంగాణ వాళ్ల ఈపాస్, కేంద్రం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ దేన్లోనైనా దరఖాస్తు పెట్టే రోజున ఒకసారి, డబ్బు పంపినట్టు చూపించి పాస్‌బుక్‌లో కనపడకపోతే మరోసారి ఈ పేజీ చూడాలి. మార్చుకోవాలంటే ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లోని ‘బేస్’ సౌకర్యంలో అడగొచ్చు. కానీ అందులో చేరిన బ్యాంకులకే అది పని చేస్తుంది. మిగతావాటికి బ్రాంచిలో ఫారమే గతి. మార్చాక కూడా అప్పటికే వేరే బ్యాంకులో పడ్డ డబ్బు దానంతటది వెనక్కి రాదు, అక్కడికెళ్లి తీసుకోవాల్సిందే.

అపోహ: వేలిముద్ర పడలేదంటే మెషిన్ పాడైనట్టే.

బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్‌తో డబ్బు తీసుకునేటప్పుడు పెద్దవాళ్ల వేళ్లు అరిగిపోయి పడకపోవడం అందరికీ తెలుసు. పదహారేళ్ల పిల్లలకు ఎందుకు పడదు? ఆధార్‌లో వేలిముద్రలు 5 ఏళ్లప్పుడు ఒకసారి, 15 ఏళ్లు నిండాక మరోసారి తప్పనిసరిగా అప్‌డేట్ చేయించాలి. రెండోది చేయించకపోతే సర్వర్‌లో ఉన్నవి చిన్నపిల్లల వేళ్లు, మెషిన్ మీద పెట్టేది పెద్ద వేలు. మిత్రను ఎంత తిట్టినా లాభం లేదు. 15 నుంచి 17 ఏళ్ల మధ్య చేయించుకుంటే ఈ అప్‌డేట్ ఉచితం. టెన్త్ సెలవుల్లోనే ఆధార్ కేంద్రానికి వెళ్లి చేయించేయండి. ఫోన్ నంబరు కూడా అదే విడతలో సరిచూసుకోండి.

అప్‌డేట్ అయ్యాక కూడా పడకపోతే వేలు మార్చండి. నమోదైన పదివేళ్లలో ఏదైనా చెల్లుతుంది. గోరింటాకు, సిమెంటు, చెమట ఉంటే తుడిచి పెట్టండి. ఎప్పుడైనా మై ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టి మర్చిపోయుంటే ఏ వేలూ పని చేయదు, ముందు దాన్ని తీయాలి.

అసలు జాగ్రత్త మాత్రం వేలు పెట్టే ముందు. స్క్రీన్ మీద మూడు చూడాలి: మీ బ్యాంకు పేరు, పని పేరు, మొత్తం. బ్యాలెన్స్ చూడమంటే విత్‌డ్రాయల్ అని ఉండకూడదు. ‘ఫెయిల్ అయింది, మళ్లీ పెట్టు’ అంటే వెంటనే పెట్టొద్దు. ఫెయిల్ అయిన రసీదు తీసుకోండి, ఎస్‌ఎంఎస్ వచ్చిందేమో చూడండి, లేదా బ్యాలెన్స్ అడగండి. మోసగాళ్లు రెండు వేలిముద్రలు లాగేది ఈ ఒక్క మాటతోనే. ఒక విడతకు ₹10,000 వరకే వస్తుంది, రోజు పరిమితి మాత్రం ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉంటుంది. నెట్‌వర్క్ పోయి ఖాతాలో కోత పడి డబ్బు చేతికి రాకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలి. అది దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నియమం. ఆ రసీదు లేకుండా ఫిర్యాదు నడపడం కష్టం.

మిత్ర మీ దగ్గర నేరుగా ‘సర్వీస్ చార్జీ’ తీసుకోకూడదు. వాళ్లకు కమీషన్ బ్యాంకే ఇస్తుంది. వెయ్యికి పది, ఇరవై అడగడం మామూలైపోయింది గానీ అది నియమం కాదు.

అపోహ: మిత్ర ఉంటే బ్రాంచి ఉన్నట్టే.

డబ్బు తీసుకోవడానికి ఏ బ్యాంకు మిత్ర అయినా పర్లేదు. ఖాతా పనులకు మాత్రం మీ బ్యాంకు మిత్రే కావాలి. 2025 జూన్ నుంచి కేవైసీ అప్‌డేట్‌ను మిత్రల ద్వారా చేయించేందుకు ఆర్‌బీఐ బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. వివరాలేమీ మారకపోయినా, చిరునామా ఒక్కటే మారినా స్వయం ప్రకటన చాలు. అయితే మీ బ్యాంకు ఆ సౌకర్యం తన మిత్రలకు పెట్టిందో లేదో ముందు ఫోన్ చేసి అడగండి. పేరు దిద్దడం, పోయిన పాస్‌బుక్ లాంటివాటికి బ్రాంచికే వెళ్లాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌బుక్‌లో చివరన ఉండటం మన దగ్గర మరీ మామూలు. కేవైసీకి మాత్రం ఖాతా తెరిచిన బ్రాంచికే పోనక్కర్లేదు, కాలేజీ ఉన్న టౌన్‌లో అదే బ్యాంకు బ్రాంచి ఏదైనా సరే.

అపోహ: చిన్నప్పుడు తెరిచిన ఖాతా ఉంది, అదే వాడుకుంటాం.

18 నిండిన రోజు నుంచి అది మైనర్ ఖాతా కాదు. కొత్త సంతకం నమూనా, కొత్త ఆపరేటింగ్ సూచనలు, కేవైసీ ఇచ్చేదాకా బ్యాంకు లావాదేవీలు ఆపేయవచ్చు. సరిగ్గా డిగ్రీ మొదటి ఏడాదిలో వచ్చిపడే తంటా ఇది. పుట్టినరోజు దాటాక ఇంటికి వచ్చే మొదటి సెలవుల్లోనే ముగించుకోండి.

రెండేళ్లు మీరు ఏ లావాదేవీ చేయకపోతే మామూలు ఖాతా ఇనాపరేటివ్ (వాడుకలో లేని ఖాతా) అవుతుంది. స్కాలర్‌షిప్పుల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను విడిగా గుర్తించి ఈ లెక్క నుంచి తప్పించాలని ఆర్‌బీఐ నియమం, అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తిరిగి తెరవడానికి చార్జీ లేదు. కేవైసీ ఇచ్చి అడిగిన 3 పని రోజుల్లో చేయాలి. కౌంటర్‌లో ‘పెనాల్టీ కట్టాలి’ అంటే ఈ రెండు ముక్కలు గుర్తుంచుకోండి.

అపోహ: ఫోన్‌లోనే ఐదు నిమిషాల్లో ఖాతా తెరిచాం, ఇక బ్రాంచితో పనిలేదు.

ముఖాముఖి లేకుండా ఒక్క ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతాకు ఏడాదే ఆయుష్షు. ఈలోపు వీడియో కేవైసీ గానీ, వేలిముద్రతో పూర్తి కేవైసీ గానీ చేయించకపోతే మూసేస్తారు. అప్పటిదాకా నిల్వ ₹1 లక్ష, ఏడాది మొత్తం జమలు ₹2 లక్షలు దాటకూడదు. హాస్టల్ ఖర్చులకు ఇది చాలు. ఫీజు, స్కాలర్‌షిప్, పార్ట్‌టైమ్ జీతం అన్నీ అందులోకే వస్తే పరిమితి తొందరగా తగులుతుంది. వీడియో కేవైసీకి నెట్ నిలకడగా ఉండాలి, కాబట్టి ఊళ్లో కాకుండా కాలేజీ దగ్గర ఉన్నప్పుడు చేసుకోవడం మేలు. పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి వేలిముద్రతో తెరిచే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా మరో దారి. కాకపోతే పేమెంట్స్ బ్యాంకులో రోజు ముగిసేసరికి ₹2 లక్షలకు మించి ఉంచలేరు, అప్పులూ ఇవ్వరు.

అపోహ: ఫోన్‌పే, గూగుల్ పే ఉంటే చాలు.

అవి తలుపులే, పెట్టె బ్యాంకులోనే ఉంది. ఖాతాలో నాన్న నంబరు ఉంటే హాస్టల్లో ఉన్న పిల్లల ఫోన్‌లో యూపీఐ తెరుచుకోదు, ఎందుకంటే నమోదైన సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. పిన్ పెట్టడానికి డెబిట్ కార్డు కావాలి. కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతో పెట్టొచ్చు, కానీ బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఒకే నంబరు ఉంటేనే. సొంత ఖాతా సిద్ధమయ్యేదాకా యూపీఐ సర్కిల్ ఉంది. నాన్న తన ఖాతా నుంచి నెలకు ₹15,000 వరకు, ఒక్కో చెల్లింపు ₹5,000 మించకుండా, పిల్లలు ఖర్చుపెట్టేలా అనుమతి ఇవ్వొచ్చు.

అపోహ: మా ఊరు ఏ బ్రాంచి కిందికీ రాదు, ఎడ్యుకేషన్ లోన్ ఇవ్వరు.

‘సర్వీస్ ఏరియా’ (బ్రాంచికి కేటాయించిన ఊళ్లు) సాకుతో ఎడ్యుకేషన్ లోన్ దరఖాస్తు తిరస్కరించొద్దని ఆర్‌బీఐ 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ నిబంధన ప్రభుత్వ ప్రాయోజిత పథకాలకే గానీ చదువు అప్పులకు కాదు. ₹4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదు. నోటిమాటతో తిప్పి పంపితే ఆధారం ఉండదు. అందుకే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. 2024 నవంబర్‌లో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి అనే చదువు అప్పుల పథకంలో తాకట్టు, హామీదారు అక్కర్లేదు గానీ, జాబితాలో ఉన్న విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికే అది. కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టేముందే కాలేజీ పేరు జాబితాలో ఉందేమో చూడండి.

అపోహ: పాస్‌బుక్ మీద ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ (బ్రాంచి గుర్తు) కోడే ఎప్పటికీ.

ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో 2020 ఏప్రిల్ 1న కలిశాయి. పాత కోడ్‌లు 2021లో ఆగిపోయాయి. ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో, ఆంధ్రలోని గ్రామీణ బ్యాంకులన్నీ అదే ఏడాది మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇంట్లో బీరువాలో ఉన్న పాస్‌బుక్ అంతకు ముందుదైతే దాని మొదటి పేజీ ఫోటో తీసి దరఖాస్తుకు జత చేయకండి. కోడ్ ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో సరిచూసి, బ్రాంచికి వెళ్లిన రోజున కొత్త పాస్‌బుక్ తీసుకుని, ఆ పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి.