గాజులకు దారి ఎవరు చెప్పారు?

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

పిన్ని పెళ్ళికి పంపిన గాజులు చేరాయనీ, ఒక్కటీ పగల్లేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంతలో చిన్ని ఫోను లాక్కుని, "తాతయ్యా, చార్మినార్ దగ్గర కొన్న గాజులకు మన భీమవరం దారి ఎవరు చెప్పారు?" అని అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నగారు నన్ను ఒక్కణ్ణే ఏలూరులో అమ్మమ్మగారింటికి పంపారు. గూడెంలో, అంటే తాడేపల్లిగూడెంలో బస్సు మారాలి. నాన్న కండక్టరు దగ్గరికి వెళ్ళి, "మా వాణ్ణి గూడెంలో ఏలూరు బస్సు కండక్టరుకి అప్పజెప్పండి బాబూ" అన్నారు. అమ్మ నా చొక్కా జేబులో తాతగారి పేరు, వీధి రాసిన చీటీ పెట్టింది. అలాంటిదే ఇంకొకటి నిక్కరు నడుంపట్టీలో పెట్టి కుట్టేసింది. "రెండెందుకే?" అని నాన్న విసుక్కున్నారు కూడా.

గూడెంలో వాన పట్టుకుంది. జేబులో చీటీ తడిసి సిరా అంతా అలుక్కుపోయింది. కొత్త కండక్టరు "ఎవరింటికిరా?" అని గద్దిస్తే భయంతో నాకు నోరు పెగల్లేదు. నడుంపట్టీ చూపించాను. ఆయన కుట్టు విప్పి చదివి, నన్ను తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఏలూరులో మావయ్య వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా ఆయన బస్సు కదలనివ్వలేదు. ఆ సాయంత్రమే తాతగారు "అబ్బాయి క్షేమంగా చేరాడు" అని నాన్నకి కార్డు రాశారు.

మీ గాజుల పెట్టె కూడా అలా బస్సెక్కిన పిల్లాడే. దానికీ దారి తెలియదు. ఎవరికి అప్పజెప్పాలో చీటీ చెబుతుంది, ఒక చెయ్యి ఇంకో చేతికి ఇస్తుంది. నేను పెట్టె మీద ఒక చీటీ అంటించి, లోపల గాజుల మీద ఇంకొకటి పెట్టాను, ఫోను నంబరుతో సహా. ఒక ఏడాది ఇలాగే పంపిన పెట్టెకి పైచీటీ ఊడిపోయి, ఎనిమిది రోజులు ఎక్కడో ఉండిపోయింది. లోపలి చీటీ ఉండబట్టే దొరికింది.

నా చిన్నప్పటి ఆ చీటీలో పిన్ కోడ్ లేదు. అది 1972 ఆగస్టు 15న మొదలైంది. మన జిల్లాల్లోనే రామాపురాలు ఎన్ని ఉన్నాయో! ఒకే పేరున్న ఊళ్ళతో, రకరకాల లిపులతో తపాలావాళ్ళు తికమకపడకుండా శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి ఈ ఆరంకెల పద్ధతి ఆలోచించారు. ఆయన సంస్కృత కవి కూడా. మీ 534201లో మొదటి 5 చూశారా? ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడూ దాని కిందికే వస్తాయి. 534 అంటే మీ వైపు ప్రాంతం. చివరి మూడంకెలు మీ పోస్టాఫీసు. అందుకే అంకెలు గుండ్రంగా, విడివిడిగా రాయాలి. నీ 1 కొన్నిసార్లు 7లా ఉంటోంది బుజ్జీ, కాస్త చూసుకో.

ఇక పగలకపోవడం సంగతి. చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్లో ఆ కొట్టతను ముందు డజన్లు లెక్కపెట్టించి బిల్లు చేతికిచ్చాడు. అది తప్పకుండా తీసుకోవాలి, తక్కువైతే అడగడానికి అదే ఆధారం. తర్వాత కాగితం గొట్టంలా చుట్టి మట్టిగాజులు దానికి బిగించి ఎక్కించాడు. గాజు బయటి దెబ్బకంటే పక్క గాజు తగిలే ఎక్కువ పగులుతుంది. మా ఊరికి గాజులాయన భుజాన మలారం, అంటే గాజుల మోపు, వేసుకుని వచ్చేవాడు, ఎన్ని ఊళ్ళు తిరిగినా గాజులు చెక్కుచెదిరేవి కావు. ఆయనా అలాగే బిగించి కట్టేవాడు. లక్క గాజులకి ఎండ భయం. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు, అంటే ఇవి ఆ ఊరి ప్రత్యేకత అనే ముద్ర, వచ్చింది గానీ, లక్క లక్కే, వేడికి మెత్తబడుతుంది. వాటిని వేరే పెట్టెలో పెట్టించాను. చివరికి పెట్టెని చెవి దగ్గర ఊపి చూశాం. చప్పుడైతే ఇంకా కాగితం కుక్కాలన్నమాట.

కొరియర్ అబ్బాయిని కొట్టుకే రమ్మనలేదు. పెళ్ళిళ్ళ రోజులు, సాయంత్రం ఆ సందులో నడవడానికే చోటు లేదు. పైగా అక్కడ ప్రతి కొట్టూ గాజుల కొట్టే, గుర్తు ఏమని చెబుతాం? నేనే ఆటోలో కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్ళి, తూకం వేయించి రసీదు తీసుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. రాత్రిపూట ఎక్కడో లైటు కింద ఒకతను వందల పెట్టెల్లోంచి మీ పెట్టెను తీసి సరైన బండిలో వేశాడు. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. మీ గుమ్మం దాకా తెచ్చినతనికి మంచినీళ్ళు ఇచ్చారా? ఇక ముందు ఎవరొచ్చినా ఇవ్వండి, అమ్మ చెప్పేదాకా ఆగకండి.

ఆ అట్టపెట్టె ఇంకా పారేయలేదు కదా? దాని నాలుగు వైపులా చూడండి. ఎన్ని చీటీలు, ఎన్ని ముద్రలు, ఎన్ని రంగుల పెన్ను రాతలు ఉన్నాయో లెక్కపెట్టి, అన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాతయ్య